పడవలో కారు ఇంజన్: ఎంత వేడి మీద నడవాలి, ఎలా చల్లార్చాలి

"ఈ ఎండలకి వాల్వు ఎందుకు సార్? పీకి పారేద్దాం."

తిరుపతిలో ఏ షెడ్డుకెళ్లి ఇంజన్ వేడెక్కుతోందని చెప్పినా మొదట వినిపించే మాట ఇదే. వాల్వు అంటే థర్మోస్టాట్, ఇంజన్ తగినంత వేడెక్కేదాకా చల్లార్చే నీళ్ల దారిని మూసి ఉంచే మూత. రోడ్డు మీద తిరిగే కారులోనే ఆ సలహా మంచిది కాదు. అదే ఇంజన్ పడవలోకి దిగాక ఆ సలహా పాటిస్తే ఏమవుతుందో నేను డబ్బు పోసి నేర్చుకున్నాను.

మా బావది తడ దగ్గర పల్లె. పులికాట్ అంచున అడుగు చదునుగా ఉండే పడవ ఒకటి ఉంది. దానికి ఇంజన్ కావాలన్నాడు. నాకు తుక్కు ధరకి ఒక అంబాసిడర్ డీజిల్ ఇంజన్ దొరికింది. 1489 సీసీ, దాదాపు 37 హార్స్ పవర్. ఏళ్ల తరబడి కొండమీదికి యాత్రికులను ఎక్కించి దించిన టాక్సీది. ఈ ఇంజన్ కుదురు బ్రిటిష్ కంపెనీ బీఎంసీది, ఆ దేశంలో కాలువ పడవల్లో ఇదే రకం ఇంజన్లు బోలెడు వాడారు. అందుకని ధైర్యం చేశాం. ఇంజన్ నడిపించడం రెండు వారాల పని. దాని వేడిని అదుపులో పెట్టడానికి రెండు సీజన్లు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టేముందు ఒక మాట. డీజిల్ ఇంజనే తీసుకోండి. పెట్రోల్ కారు ఇంజన్‌కి ఉండే స్టార్టర్, ఆల్టర్నేటర్ నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి చేసినవి కావు. కారు బానెట్ కింద పెట్రోల్ ఆవిరి గాలికి కొట్టుకుపోతుంది. పడవలో అయితే గాలికంటే బరువు గనక అడుగున చేరి కూర్చుంటుంది. ఇక కాగితాల సంగతి. పులికాట్ పక్షుల అభయారణ్యం, కాబట్టి అటవీశాఖ అనుమతి అడగకుండా మోటారు పడవ దించకండి. దేశీయ జలమార్గాల పడవలకు 2021 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కూడా ఉంటుంది.

కారులో సరిపోయింది పడవలో ఎందుకు సరిపోదు

డీజిల్ మండితే వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు షాఫ్టుకి అందుతుంది. మిగిలినదాంట్లో కొంత పొగతో పోతుంది, కొంత ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి దిగుతుంది. కారులో ఆ నీళ్లను రేడియేటర్, ఎదురుగాలి చల్లారుస్తాయి. పడవలో ఇంజన్ పెట్టెలో ఉంటుంది, గాలి రాదు. ఫ్యాన్ పెడితే పెట్టెలో ఉన్న వేడిగాలినే మళ్లీ తిప్పుతుంది.

ఇంతకంటే పెద్ద తేడా ఇంజన్ మీద పడే బరువు (లోడు) విషయంలో ఉంది. కారు ఎప్పుడూ పూర్తి బలంతో లాగదు. రేణిగుంట రోడ్డులో యాభై మీద పోయేటప్పుడు ఇంజన్ తన సత్తాలో నాలుగో వంతు కూడా వాడదు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం కష్టపడుతుంది, అదీ అరగంట. ఆ అరగంటలోనే పాత బండ్లు బానెట్ ఎత్తి పక్కన నిలబడటం మనం చూసినవాళ్లమే. పడవలో ఆ ఘాట్‌కి అంతు ఉండదు. నీళ్లలో దిగుడు లేదు, న్యూట్రల్‌లో జారిపోవడం లేదు. గంటల తరబడి ఎక్కుడే. అందుకే కూలింగ్ లెక్కలు కారు ప్రకారం కాకుండా ఘాట్ రోడ్డు ప్రకారం వేసుకోవాలి.

మొదటి పని: ఏ నీళ్లు ఇంజన్‌ని తాకాలో తేల్చుకోవడం

మూడు దారులున్నాయి. మీ ఇంజన్ ఎన్ని డిగ్రీల మీద నడవాలన్నది ఈ ఎంపికే నిర్ణయిస్తుంది. మెకానిక్‌లు ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎంపిక ఒకటి చేసి థర్మోస్టాట్ ఇంకోటి పెడతారు.

ఒకటి, బయటి నీళ్లను నేరుగా ఇంజన్‌లోకి పంపి బయటికి వదిలేయడం. చవక, సులువు. మేము మొదట చేసింది ఇదే. కారులో ఉన్న 82 డిగ్రీల థర్మోస్టాట్‌ని అలాగే ఉంచేశాం. ఒక సీజన్ తర్వాత హెడ్ (సిలిండర్ల మీది మూత) విప్పితే నీటిదారుల్లో తెల్లటి గట్టి పెచ్చు, గోటితో గీకితే రాదు. మా ఇంట్లో బోరు నీళ్లలో పెట్టిన హీటర్ రాడ్డుకి పట్టేదీ ఇదే సరుకు. జనం ఉప్పు పేరుకుంది అంటారుగానీ అందులో ఎక్కువ పాలు సున్నపు లవణాలే. మామూలు ఉప్పుకీ వీటికీ తేడా ఏమిటంటే, నీళ్లు వేడెక్కేకొద్దీ ఉప్పు ఇంకా కరుగుతుంది, ఇవి మాత్రం విడిపోయి లోహానికి అంటుకుంటాయి. ఉప్పునీళ్లలో ఇది 60, 65 డిగ్రీలు దాటాక జోరందుకుంటుంది. కాబట్టి ఈ దారిలో వెళ్తే 60 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకునే థర్మోస్టాట్ పెట్టాలి. అంటే ఇంజన్ తనకు నచ్చిన వేడికంటే 20 డిగ్రీలు తక్కువలో బతకాలి. పోత ఇనుము బ్లాకు లోపలినుంచి తుప్పు పట్టడం దీనికి అదనం. మంచినీటి చెరువులో అప్పుడప్పుడూ నడిపే పడవకైతే సరేననుకోవచ్చు. పులికాట్ లాంటి ఉప్పు కలిసిన నీళ్లకు నేను వద్దంటాను.

రెండు, ఇంజన్‌లో కారులో లాగే కూలెంట్ (తుప్పుమందు కలిపిన నీళ్లు) తిరుగుతుంది. రేడియేటర్ స్థానంలో హీట్ ఎక్స్చేంజర్ ఉంటుంది. గొట్టాల కట్టలోంచి బయటి నీళ్లు పోతాయి, గొట్టాల చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. రెండూ కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. ఇక్కడ ఇంజన్ 80 నుంచి 88 డిగ్రీల మధ్య హాయిగా నడుస్తుంది.

మూడు, కూలెంట్‌నే పడవ అడుగున గొట్టాల్లో గానీ, ఇనప పడవైతే అడుగు రేకుకి లోపలివైపు వెల్డింగ్ చేసిన పలచటి ట్యాంకులో గానీ తిప్పడం. బయటి నీళ్లు లోపలికే రావు. బురద, నాచు, పీతపిల్లల బెడద ఉండదు. ఇంగ్లండ్ కాలువ పడవల్లో ఎక్కువ కనిపించేది ఇదే. అక్కడి మోటు లెక్క, ప్రతి నాలుగు హార్స్ పవర్‌కీ ఒక చదరపు అడుగు రేకు. 37 హార్స్ పవర్‌కి తొమ్మిది చదరపు అడుగుల పైచిలుకు. అయితే అది చలిదేశపు లెక్క. అక్కడ నీళ్లు 15 డిగ్రీలుంటే మన దగ్గర ఎండాకాలం 32 ఉంటాయి. కూలెంట్ సగటున 80 అనుకుంటే అక్కడ తేడా 65, ఇక్కడ 48. అంటే మనకు మూడో వంతు ఎక్కువ కావాలి, పన్నెండున్నర చదరపు అడుగులు. ఇనప పడవ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఈ దారి పట్టొచ్చు. మా బావది ఫైబర్ పడవ. అడుగున రాగి గొట్టాలు కడితే తక్కువ లోతులో ఒక్కసారి నేల తగిలినా ఊడిపోతాయి. అందుకే రెండో దారికి వచ్చాం. ఇక్కడినుంచి చెప్పేది ప్రధానంగా దాని గురించే.

రెండో పని: థర్మోస్టాట్‌ని వంటింట్లో పరీక్షించడం

కొత్తదైనా సరే, పరీక్షించకుండా బిగించకండి. పాత సత్తు గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. థర్మోస్టాట్‌ని దారంతో కట్టి, గిన్నె అడుక్కి తగలకుండా నీళ్ల మధ్యలో వేలాడదీయండి. పక్కనే 110 డిగ్రీల దాకా చూపే థర్మామీటర్. అదీ అడుక్కి తగలకూడదు, తగిలితే తప్పుడు లెక్క చూపిస్తుంది. మంట చిన్నగా పెట్టి గరిటెతో కలుపుతూ ఉండండి.

దాని అంచు మీద అంకె చెక్కి ఉంటుంది, 82 అనుకుందాం. ఆ దగ్గరకు రాగానే మూత వెంట్రుకవాసి కదులుతుంది, అంచులో సన్నటి నల్లగీత కనిపిస్తుంది. ఇంకో పది పన్నెండు డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా, ఎనిమిది మిల్లీమీటర్ల దాకా తెరుచుకోవాలి. పొయ్యి ఆర్పి చల్లారనిస్తే మళ్లీ గట్టిగా మూసుకోవాలి. నేను కొన్న మొదటిది తెరుచుకుందిగానీ మూసుకునేటప్పుడు ఒకవైపు వంకరగా కూర్చుంది. షాపువాడు మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. మా ఆవిడ మాత్రం ఆ గిన్నెని మళ్లీ వంటకి వాడనివ్వలేదు.

ఇప్పుడు వాల్వు పీకేసే సలహా సంగతి. రెండో సీజన్ మొదట్లో, పెచ్చుల భయంతో మేమూ పీకేశాం. ఇంజన్ 50 డిగ్రీలు దాటలేదు. బావకి భలే సంతోషం, "చూశావా, ఎంత చల్లగా ఉందో!" అన్నాడు. నెల తిరిగేసరికి తెల్లపొగ, తాగుడు ఎక్కువ. వాల్వ్ కవర్ విప్పితే లోపల పాలు కలిపిన టీ మీద మీగడ లాంటి గోధుమరంగు జిగురు.

జరిగేది ఇది. లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరే పుడుతుంది, ఆవిరి రూపంలో. ఇంజన్ తగినంత వేడిగా ఉంటే ఆ ఆవిరి పొగతో పోతుంది. చల్లగా ఉంటే కొంత రింగుల సందుల్లోంచి దిగి, సిలిండర్ గోడలమీదా ఆయిల్‌లోనూ నీరై కూర్చుంటుంది. డీజిల్‌లోని గంధకంతో కలిసి ఆమ్లమవుతుంది. పూర్తిగా మండని డీజిల్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఇంజన్ వేడెక్కి చస్తే ఒక్కరోజులో తెలిసిపోతుంది. చల్లబడి చస్తే మూడు నాలుగు సీజన్లదాకా తెలియదు, తెలిసేసరికి సిలిండర్ బోరు అరిగిపోయి ఉంటుంది.

ఇంకో మెలిక. కొన్ని కారు ఇంజన్లలో థర్మోస్టాట్ అడుగున రెండో బిళ్ల ఉంటుంది. పైమూత తెరుచుకునేకొద్దీ ఈ బిళ్ల బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి ఇంజన్‌లో వాల్వు పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సగం నీళ్లు చల్లారకుండానే అడ్డదారిన మళ్లీ పంపులోకి వచ్చేస్తాయి. చల్లబడాలని పీకితే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. బిళ్ల ఉందో లేదో చూసి అలాంటిదే కొనండి.

మూడో పని: కూలెంట్ చుట్టు కట్టడం

దారి ఇలా: కారు వాటర్ పంపు, బ్లాకు, హెడ్, థర్మోస్టాట్, నీటి జాకెట్ ఉన్న ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, హీట్ ఎక్స్చేంజర్, మళ్లీ పంపు.

మ్యానిఫోల్డ్ అంటే సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే గొట్టం. దాని విషయంలో రాజీ పడకండి. కారు మ్యానిఫోల్డ్ బరువు మీద ఎర్రగా కాలుతుంది. చెక్క, ఫైబర్, డీజిల్ పైపులు ఉన్న పెట్టెలో అది పొయ్యి పెట్టినట్టే. తయారుగా దొరికితే సరే, లేకపోతే మంచి ఫ్యాబ్రికేటర్ చేత మందపాటి రేకుతో జాకెట్ చేయించి, బిగించేముందు ప్రెషర్ పంపుతో లీకు పరీక్ష చేయించండి. నీళ్లు కింద ఒక చివరన వచ్చి పైన రెండో చివరన పోవాలి, లేకపోతే పైభాగంలో ఆవిరి నిలిచిపోతుంది.

కూలెంట్ పోసే హెడర్ ట్యాంకు మొత్తం చుట్టులో అన్నిటికంటే ఎత్తున ఉండాలి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది. పెట్టె మూత తగులుతోందని మేము నాలుగు అంగుళాలు కిందికి దించాం. హెడ్‌లో గాలి ఇరుక్కుంది. విచిత్రం ఏమిటంటే మీటరు 70 దాటలేదు, హెడ్ మీద చెయ్యి పెడితే మాత్రం చుర్రుమంది. మీటరు సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెప్తుంది. దాని చుట్టూ గాలి ఉంటే అమాయకంగా తక్కువ చూపిస్తూ కూర్చుంటుంది. ఇంజన్ సీజ్ అయ్యాక కూడా "మీటరు బానే ఉంది సార్" అని జనం ప్రమాణం చేసేది ఇందుకే. సెన్సర్ హెడ్ నుంచి నీళ్లు బయటికొచ్చే చోట, థర్మోస్టాట్‌కి ముందు ఉండాలి.

ట్యాంకుకి 0.9 బార్ ప్రెషర్ మూత పెట్టండి. ఆ ఒత్తిడిలో నీళ్లు 118 డిగ్రీల దగ్గరగానీ మరగవు. ట్యాంకు నిండా పోయకండి. పది లీటర్ల కూలెంట్ వేడెక్కితే పావు లీటరు పైనే ఉబ్బుతుంది.

నీళ్ల విషయంలో తిరుపతి బోరునీళ్లు వద్దు, హీటర్ రాడ్డు కథ మళ్లీ మొదలవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మూడో వంతు కూలెంట్ కలపండి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదుగా అని మానేస్తారు చాలామంది. మనం కొనేది అందులోని తుప్పుమందు కోసం. సగానికి మించి కలిపినా నష్టమే, వేడి మోయడంలో కూలెంట్ నీళ్లకంటే తక్కువది.

నాలుగో పని: బయటి నీళ్ల దారి

ఎంత నీళ్లు కావాలి? 37 హార్స్ పవర్ అంటే సుమారు 27 కిలోవాట్లు. పూర్తి బలంలో కూలెంట్‌లోకి దాదాపు అంతే వేడి దిగుతుంది. జాకెట్ మ్యానిఫోల్డ్ వేడి కూడా కలిపి 35 కిలోవాట్లు అనుకోండి. బయటి నీళ్లు హీట్ ఎక్స్చేంజర్‌లో 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే, లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజౌళ్లు గనక, సెకనుకి 0.84 లీటర్లు, అంటే నిమిషానికి 50 లీటర్లు. 32 డిగ్రీల నీళ్లు లోపలికొచ్చి 42 డిగ్రీలై బయటికి పోతాయి, పెచ్చు కట్టే వేడికి చాలా దిగువన.

దీన్ని కొలవడం తేలిక. బయటికి పోయే హోస్‌ని 15 లీటర్ల బకెట్లో పెట్టి, ఇంజన్‌ని మామూలుగా నడిపే వేగంలో ఉంచి, ఫోన్‌లో టైమర్ పెట్టండి. 18 సెకన్లలో నిండితే సరిపోయింది. పాతిక దాటితే ఎక్కడో బిగింపు ఉంది. ఈ అంకెను గోడమీద రాసిపెట్టుకోండి. ప్రతి సీజన్ మళ్లీ కొలిచి పోల్చుకుంటే హీట్ ఎక్స్చేంజర్ పూడుతోందో లేదో విప్పకుండానే తెలుస్తుంది.

నీళ్లు వచ్చే దారిలో మొదట పడవ అడుగున కాక్, అంటే ఆ దారిని తెరిచి మూసే వాల్వు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇంటి కుళాయి ఇత్తడి వాల్వు పెట్టకండి. ఉప్పునీళ్లు ఇత్తడిలోని జింకును తినేస్తాయి. పసుపురంగు పోయి గులాబీ రంగుకి తిరిగిందంటే అది గుల్లబారినట్టే, వేళ్లతో విరుగుతుంది. విరిగితే నీళ్లు నేరుగా పడవలోకే. కంచు గానీ, పడవలకోసమే చేసిన గట్టి ప్లాస్టిక్ గానీ వాడండి. కాక్ తర్వాత చెత్తను ఆపే జల్లెడ, స్ట్రెయినర్, చేతికందే చోట, పైన గాజుమూత ఉన్నది. పులికాట్‌లో లోతు చాలాచోట్ల నడుం దాకానే. పడవని తోసే ఫ్యాన్ (ప్రొపెల్లర్) తిరిగితే బురద లేస్తుంది. మా బావ రోజుకి రెండుసార్లు స్ట్రెయినర్ విప్పి కడుగుతాడు. మొదట్లో విసుక్కునేవాడు, ఒకసారి గుప్పెడు రొయ్యపిల్లలు దొరికాక విసుగు పోయింది.

తర్వాత రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) ఉన్న పంపు. ఇది నీళ్లు లేకుండా నిమిషం తిరిగినా రెక్కలు కాలి ఊడిపోతాయి. షెడ్డులో ఊరికే స్టార్ట్ చేసి చూద్దాం అనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. డ్రమ్ములో నీళ్లు పెట్టి గొట్టం ముంచకుండా తాళం తిప్పకండి. కొత్తది బిగించేటప్పుడు గ్లిజరిన్ గానీ సబ్బునీళ్లు గానీ రాయండి, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. రెక్క ఊడితే ఆ ముక్క ఎక్కడుందో దొరికేదాకా వెతకండి. కొత్త ఇంపెల్లర్ వేసి వదిలేస్తే పాత ముక్క హీట్ ఎక్స్చేంజర్ మూతి దగ్గర అడ్డం పడి ఉంటుంది.

హీట్ ఎక్స్చేంజర్ గొట్టాలు రాగి–నికెల్ మిశ్రమానివి అయితే ఉప్పునీళ్లకు ఆగుతాయి. దాని మూతలో పెన్సిల్ లాంటి బలి లోహపు కడ్డీ ఉంటుంది, తుప్పు ముందు దాన్ని తింటుంది. సముద్రపు నీళ్లకైతే జింకు, పులికాట్ లాంటి సగం ఉప్పు నీళ్లకైతే అల్యూమినియం, మంచినీళ్లకైతే మెగ్నీషియం. సగం అరిగితే మార్చేయండి.

చివరన ఈ నీళ్లను ఎగ్జాస్ట్ మోచేతి గొట్టంలోకి వదులుతారు. పొగ చల్లబడి రబ్బరు హోస్‌లోంచి బయటికి పోతుంది. ఆ నీళ్లు కలిసే చోటు బయటి నీటిమట్టానికి కనీసం 30 సెంటీమీటర్ల పైన లేకపోతే హోస్‌ని ఇంకా ఎత్తుకి తీసుకెళ్లి, ఆ వంపు పైన గాలి తీసుకునే సైఫన్ వాల్వు పెట్టాలి. లేకపోతే ఇంజన్ ఆపాక కూడా నీళ్లు సైఫన్‌లా నెమ్మదిగా వస్తూ ఎగ్జాస్ట్ నిండి సిలిండర్లోకి చేరతాయి. స్టార్ట్ కాని ఇంజన్‌ని మొండిగా సెల్ఫ్ కొడుతూ పోయినా ఇదే జరుగుతుంది. పంపు నీళ్లు పోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే పొగ ఉండదు. రెండు మూడుసార్లు కొట్టినా అందుకోకపోతే కాక్ మూసేసి తర్వాత ప్రయత్నించండి, అందుకోగానే తెరవడం మర్చిపోకండి.

ఐదో పని: పెట్టెకి గాలి, ఆయిల్‌కి చల్లదనం

ఇంజన్ పెట్టెకి రెండు దారులుండాలి, చల్లగాలి కింద నుంచి వచ్చేది ఒకటి, వేడిగాలి పై నుంచి పోయేది ఒకటి. మే నెలలో పెట్టె లోపల 60 డిగ్రీలుంటే ఇంజన్ ఆ వేడిగాలినే పీలుస్తుంది, బలం తగ్గుతుంది, బెల్టు, హోసులు త్వరగా పెళుసెక్కుతాయి. ఆయిల్ గంటల తరబడి పూర్తి బరువు మీద 110 డిగ్రీలు దాటుతుంటే ఆయిల్ కూలర్ కలపండి.

ఆరో పని: నీళ్లలో దించి చూడటం

మొదటిరోజు ఒడ్డుకి కట్టి, గేరు వేయకుండా పావుగంట. ఎగ్జాస్ట్ లోంచి నీళ్లు ఉమ్ముతున్నాయా అని ముందు చూడండి. మీటరు నెమ్మదిగా 82 దాకా ఎక్కి, రెండు మూడు డిగ్రీలు తగ్గి, అక్కడే నిలబడాలి. ఆ చిన్న తగ్గుదల థర్మోస్టాట్ మొదటిసారి తెరుచుకున్న గుర్తు. హెడర్ ట్యాంకు మూత తీయాలంటే పూర్తిగా చల్లారేదాకా ఆగండి.

తర్వాత బయటికి తీసుకెళ్లి సగం వేగంలో అరగంట. చివరికి పది నిమిషాలు పూర్తి వేగం. 80 నుంచి 88 మధ్య ఉంటే మంచిది. పూర్తి వేగంలో 92 దాకా ఎక్కి ఆగిపోతే ఓర్చుకోవచ్చు. ఆగకుండా ఎక్కుతూ పోతే వేగం తగ్గించండి. అలారం స్విచ్ 98కి పెట్టండి, బెల్లు ఇంజన్ మోతలో కూడా వినిపించేదై ఉండాలి. బయటి నీళ్లు నేరుగా ఇంజన్‌లోకి పోయే పడవలో ఈ అంకెలు వేరు: 60 నుంచి 65, అలారం 75.

మీటరు చెప్పే మాటలు కొన్ని అనుభవంమీద తెలుస్తాయి. ఖాళీగా బాగుండి, వేగం పెంచితేనే ఎక్కుతోందంటే నీళ్లు చాలడం లేదు, లేదా హీట్ ఎక్స్చేంజర్ పూడింది. దానికి తోడు నల్లపొగ కూడా ఉండి, ఇంజన్ పూర్తి చుట్లు అందుకోలేకపోతుంటే తప్పు కూలింగ్‌ది కాదు, పడవ ఫ్యాన్ పిచ్, అంటే ఒక్క చుట్టులో అది ముందుకు నెట్టే దూరం, ఎక్కువైంది. మూడో గేరులో ఘాట్ ఎక్కించినట్టు లెక్క. మేము పిచ్ రెండు అంగుళాలు తగ్గించాకే పూర్తి వేగంలో వేడి కుదుటపడింది. ఒక్కసారిగా ఎగబాకితే ఇంపెల్లర్ పోయినా పోయి ఉండాలి, లేదా ప్లాస్టిక్ కవరు అడుగున నీటిదారికి అతుక్కుని ఉండాలి. ఇంజన్ ఆపి పడవని వెనక్కి నెడితే కవరు ఊడిపోతుంది. ముల్లు ఊగిసలాడుతుంటే గాలి ఇరుక్కుంది. గాలి తీసినా మళ్లీ ఊగుతూ, ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ వదిలిందన్నమాట. అరగంటైనా 60 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. అప్పుడు ఎవరైనా "చల్లగా ఉంది కదా, వదిలేయ్" అంటే వినకండి.

ఆపేటప్పుడు

ఒడ్డుకి రాగానే తాళం తిప్పేయకండి. గేరు తీసి మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి. ఒక్కసారిగా ఆపితే నీళ్ల కదలిక ఆగి, హెడ్‌లో మిగిలిన వేడి అక్కడే నీళ్లను మరిగిస్తుంది. ఇంజన్ ఆగాక కాక్ మూయండి. పడవని వారానికి మించి కదిలించేది లేకపోతే, స్ట్రెయినర్‌లో గొట్టం పెట్టి కాక్ మూసే ఉంచి మంచినీళ్లతో ఐదు నిమిషాలు ఇంజన్ నడపండి, హీట్ ఎక్స్చేంజర్, ఎగ్జాస్ట్ ఉప్పు కడుక్కుపోతుంది.

పడవలో బావ ఒక రేకు డబ్బా పెట్టుకున్నాడు. అందులో ఒక ఇంపెల్లర్, దాని గాస్కెట్, ఒక బెల్టు, వంటింట్లో పరీక్షించిన థర్మోస్టాట్, మూర పొడవు హోస్, నాలుగు క్లిప్పులు, బలి లోహపు కడ్డీ ఒకటి, ఐదు లీటర్ల కూలెంట్ క్యాను. కాక్ మూసేసి ఉంటే తాళంచెవి ఆ కాక్ పిడికే వేలాడుతుంది. కాక్ తెరవడానికి వంగితేగానీ తాళంచెవి చేతికి రాదు. ఆ ఏర్పాటు బావదే, నేను నేర్పింది కాదు.